లాలాజలం చెప్పగల తొలి హెచ్చరిక

వ్యాధి నిర్ధారణ అనగానే మనకు రక్తపరీక్ష, మూత్రపరీక్ష గుర్తుకు వస్తాయి. లాలాజలాన్ని మనం లెక్కలోకి తీసుకోము. అయితే నోటి క్యాన్సర్‌ను, దానికి ముందుదశలో కలిగే మార్పులను లాలాజలంలోని ప్రోటీన్ల ద్వారా పసిగట్టేందుకు శాస్త్రజ్ఞులు చాలాకాలంగా కృషి చేస్తున్నారు.

ఈ కృషి అవసరం మన దేశానికి ఎంతైనా ఉంది. అంతర్జాతీయ అంచనాల ప్రకారం 2020లో భారతదేశంలో సుమారు 1,35,000 మందికి కొత్తగా నోటి క్యాన్సర్ వచ్చింది. పొగాకు, వక్క ఇందుకు ముఖ్య కారణాలు. ఈ వ్యాధి చాలామందిలో ముందుగా కొన్ని గుర్తులు చూపుతుంది. బుగ్గ లోపల, నాలుకపై చెరిగిపోని తెల్లమచ్చ గాని ఎర్రమచ్చ గాని ఏర్పడుతుంది. వక్క నమిలేవారిలో బుగ్గలు బిగుసుకుపోయి నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరప్రాంతాలలో చుట్ట నిప్పును నోటి లోపల ఉంచుకుని అడ్డపొగ పీల్చే స్త్రీలలో ఈ మార్పులు అంగిలిపై కనిపిస్తాయి.

కణాలు గతి తప్పుతున్నప్పుడు అవి విడుదల చేసే ప్రోటీన్లు కూడా మారుతాయి. వాటిలో కొన్ని లాలాజలంలో కలుస్తాయి. లాలాజల గ్రంథుల స్రావాలలో 1,166 రకాల ప్రోటీన్లను 2008లో గుర్తించారు. అదే సంవత్సరం లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఐదు ప్రోటీన్లను కలిపి పరీక్షించగా, నోటి క్యాన్సర్ ఉన్నవారిలో నూటికి 90 మందిని గుర్తించగలిగారు. వ్యాధి లేనివారిలో నూటికి 83 మందికి లేదని సరిగా తేలింది. తక్కిన 17 మందికి కలిగేది అకారణమైన భయమే.

క్యాన్సర్ ముందుదశలో ఈ చిక్కు మరింత పెద్దది. ఇంటర్‌ల్యూకిన్-6, ఇంటర్‌ల్యూకిన్-8 వంటి ప్రోటీన్లు చిగుళ్ళ వ్యాధిలోనూ పెరుగుతాయి. పొగాకు నమిలేవారిలో చిగుళ్ళ వ్యాధి సాధారణం. పైగా తెల్లమచ్చలన్నీ క్యాన్సర్‌గా మారవు. ఏది మారుతుందో ముందే చెప్పడమే అసలు సమస్య. కనుక అనుమానం కలిగిన చోట చిన్న ముక్క తీసి చేసే బయాప్సీదే నేటికీ తుది తీర్పు.

లాలాజల పరీక్ష పరిపూర్ణమయ్యే వరకు మనం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో 1996లో ప్రారంభించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ప్రజల నోటిని కంటితో పరిశీలించారు. 2005లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, పొగాకు, మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి.

రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడానికి ఖైనీ, గుట్కా ఆశ్రయించే సోదరులు మనలో లేకపోలేదు. అట్టివారు ఆ అలవాటును మానుకోవాలి. నెలకొకసారి అద్దం ముందు మంచి వెలుతురులో నోరు పరీక్షించుకోవాలి. రెండు వారాలైనా మానని పుండు, చెరగని మచ్చ, కారం తగిలితే భరించలేని మంట కనిపించినా, మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోయినా వెంటనే వైద్యుని సంప్రదించాలి. ఇంట్లో భోజనం వడ్డించేవారికే ఈ మార్పు ముందుగా తెలియవచ్చు. అటువంటప్పుడు వారు మొహమాటపడకుండా ఆ మాట చెప్పడం, చెప్పిన మాటను మనం వినడం కుటుంబమంతటికీ శ్రేయస్కరం.