రెండవ డిస్కులో పాత కాపురం

అండమాన్ దీవులలో కంప్యూటరు వాడేవారు పాత సాఫ్ట్‌వేరును సులభంగా వదులుకొనలేదు. సముద్రమే అందుకు కారణం. చెన్నైని పోర్ట్‌బ్లెయిర్‌తోనూ (2024 నుండి ఇది శ్రీవిజయపురం) మరి ఏడు దీవులతోనూ కలిపే సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యేవరకు ఇంటర్‌నెట్ ఉపగ్రహం మీదుగానే వచ్చేది. అట్టి చోట చేజిక్కిన విండోస్‌ను ఇత్తడి బిందెవలె దాచుకొనడం సహజం.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కొత్త డిస్కు అమర్చుకొని, పాతదానిని రెండవ డిస్కుగా ఉంచుకొనేవారు అనేకులు. పాత వ్యవస్థ అందులో కాపురం చేస్తూనే ఉంటుంది. దాని ఫోల్డరును చెరపబోతే లొంగదు. ఆ ఫైళ్ళపై యాజమాన్యం 'ట్రస్టెడ్ ఇన్‌స్టాలర్' అనే అంతర్గత ఖాతాది. దానితో కుస్తీ పట్టేకన్న డిస్కును ఫార్మాట్ చేయడం మేలు.

తొందర కూడదు. పాత డిస్కు తగిలించి ఉండగానే కొత్త విండోస్‌ను స్థాపిస్తే, యంత్రాన్ని మేల్కొలిపే బూట్ ఫైళ్ళు పాత డిస్కులోనే కూర్చుండే అవకాశం ఉంది. పరీక్ష సులువు: కంప్యూటరును ఆపి, పాత డిస్కు తీగలు ఊడదీసి, తిరిగి నడపండి. లేచిందా, భయం లేదు. లేవకుంటే, కొత్త డిస్కు ఒక్కదానినే ఉంచి విండోస్‌ను మరల స్థాపించుకొనడం ఉత్తమం.

తెలుగువారికి ఇంకొక చిక్కున్నది. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి ఓడలెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలు దీవులలో ఎన్నో. వారి శుభలేఖలు గాని, సంఘాల ప్రత్యేక సంచికలు గాని, నావంటి అనువాదకుల రాతప్రతులు గాని యూనికోడ్‌కు ముందటి అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో ఉంటే, అవి ఆ ఫాంటు లేనిచోట పిచ్చిగీతలే. 'అమ్మ' అన్న మాట కూడా అమ్మగా కనబడదు! తీరా ఆ ఫాంటు, ఆ పేజ్‌మేకర్ ఉన్నది చెరపదలచిన ఆ పాత వ్యవస్థలోనే. పైగా డిస్కును కొత్త యంత్రానికి మార్చిన పిదప విండోస్ ఎక్స్‌పి వంటివి చాలావరకు లేవనే లేవవు. కనుక పాత కంప్యూటరు ఊపిరితో ఉండగానే ప్రతి ఫైలును తెరచి పీడీఎఫ్‌గా భద్రపరచి, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకొని, రెండు చోట్ల ప్రతులుంచాలి. విసుగు పుట్టించే పనే. నా దృష్టిలో అసలు పని ఇదే. చెరపడం పది నిమిషాల ముచ్చట.

ఆ పిదప డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పరిమాణాన్ని బట్టి పాత డిస్కును గుర్తించి, దాని విభాగాలను తొలగించి, కొత్త విభాగం ఏర్పరచి ఫార్మాట్ చేయవచ్చు. రెండూ ఒకే పరిమాణంవైతే కొత్తదాని తీగ ఊడదీసి చేయాలనుకొనవద్దు, అప్పుడు కొత్త విండోసే లేవదు. లోపలి ఫైళ్ళు చూసి పోల్చుకోండి. ప్రారంభంలో పాత విండోస్ పేరు ఇంకా కనబడితే, ఎంఎస్‌కాన్ఫిగ్‌లోని బూట్ పట్టికలో దానిని కొట్టివేయవచ్చు.