గొట్టం మీద కట్టు: ఏది మేలు?



ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉంటే, పక్కన స్టూలు మీద కూచుని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండేది చాలావరకు మనమే కదండీ. ఐ.సి.యు.లో ఉన్నవాళ్ళకీ, డయాలిసిస్ చేసేవాళ్ళకీ ఒక్కోసారి మెడపక్కన సన్నటి గొట్టం పెడతారు. సెంట్రల్ లైను అంటారు దాన్ని. చేతికి గుచ్చే సెలైను సూది లాంటిది కాదిది. దీని కొస గుండె దగ్గరి పెద్ద సిరలో ఉంటుంది. చర్మం మీది క్రిమి ఆ గొట్టం వెంట లోపలికి పోయిందంటే తిన్నగా రక్తంలో కలిసినట్టే. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే పైన వేసే కట్టుకి అంత విలువ.

గాజుగుడ్డ పెట్టి ప్లాస్టరు అంటించే కట్టు మనకు తెలిసిందే. ఇప్పుడు ఎక్కువగా వేసేది అద్దంలాంటి పల్చటి పొర. ఖరీదెక్కువ గనుక అదే మంచిదనుకుంటాం. చీరల కొట్లో ఆ లెక్క చెల్లుతుందేమో గాని, ఇక్కడ చెల్లదు. ఈ రెండింటిలో దేనితో ఇన్‌ఫెక్షను తక్కువో పరీక్షల్లో గట్టిగా తేలలేదు. పొరతో సుఖమేమిటంటే, విప్పకుండానే లోపల ఎర్రబడిందీ చీము పట్టిందీ కనబడుతుంది. ఊడకుండా, తడవకుండా ఉంటే 7 రోజులదాకా ఉంచవచ్చు. గాజుగుడ్డనైతే 2 రోజులకోసారి మార్చాలి. కాని రక్తం ఊరుతున్నా, రోగికి చెమట బాగా పడుతున్నా తడిని పీల్చుకునే గాజుగుడ్డే నయం.

ఇక క్లోర్‌హెక్సిడిన్ అనే మందు పట్టించిన కట్టు ఒకటుంది. 2009లో వెలువడిన ఫ్రాన్సు దేశపు పెద్ద పరీక్షలో, ఐ.సి.యు. రోగులకు దీనివల్ల ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి. 18 ఏళ్ళు నిండినవారికి కొద్దికాలం ఉంచే గొట్టాలకు ఇది వాడమని అమెరికాలోని సి.డి.సి. సంస్థ 2017లో చెప్పింది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు మాత్రం వద్దంది, చర్మం దెబ్బతింటుందని.

ఏ కట్టయినా దాని మీద వేసిన తేదీ ఉందో లేదో చూడండి. అంచు లేచినా, తడిసినా గడువు కోసం ఆగకుండా నర్సమ్మకు చెప్పండి. ఆవిడకెంత పనున్నా మొహమాటపడకండి. మీరే చేత్తో అదిమి ఇంకో ప్లాస్టరు ముక్క అతికించకండి. గుడినుంచి తెచ్చిన విభూతి నుదుటికి సరే, మెడదాకా రానివ్వకండి. కట్టు పైకి శుభ్రంగా ఉన్నా సరే, చలీ వణుకుతో జ్వరం వస్తే అప్పటికప్పుడే డాక్టరుగారికి కబురు చేయించండి. తెల్లవారాక చూద్దామనుకోకండి.