లక్ష్మికి ఎన్ని బైట్లు?

ఫారంలో ‘లక్ష్మి’ అని కొట్టి సేవ్ నొక్కుతాం. మళ్లీ తెరిస్తే వరసగా ఏడు ప్రశ్నార్థకాలు. క్లాసులో ఇది చూపించినప్పుడల్లా పిల్లలు ముందు అడిగేది ‘తెలుగు ఫాంట్ లేదా సార్?’ అని. ఫాంట్‌కి ఇందులో ప్రమేయమే లేదు. ఆ తర్వాత ఎవరో ఒకరు అసలు ప్రశ్న వేస్తారు: ‘ఉన్నవి రెండక్షరాలే కదా, ఏడు ఎక్కణ్ణుంచి వచ్చాయి?’

ఏడు సరైన లెక్కే. యూనికోడ్ దృష్టిలో ఆ పేరంటే ల, క, పొల్లు, ష, మళ్లీ పొల్లు, మ, గుడి. ఒక్కొక్కటి మూడు బైట్లు తింటుంది. మొత్తం 21. పేరుకి 20 బైట్లు చాలనుకుని ఎవరైనా గడి కట్టి ఉంటే అందులో లక్ష్మే పట్టదు, ఇక వేంకటేశ్వర్లు సంగతి చెప్పేదేముంది!

ఈ మూడు బైట్ల ఏర్పాటు పేరు యూటీఎఫ్-8. కంప్యూటర్ల లోకంలో ఇంత ముచ్చటైన వస్తువును నేను ఇంకోటి చూడలేదు.

యూనికోడ్ దాదాపు ప్రతి లిపికీ నంబర్లు కేటాయించింది. తెలుగు వాటా 3072 నుంచి 3199 దాకా. అయితే నంబరు ఇవ్వడం వేరు, దాన్ని ఎనిమిదేసి బిట్ల బైట్లుగా డిస్కు మీద రాయడం వేరు. మొదట యూటీఎఫ్-1 అని ఒక పద్ధతి వచ్చింది. అందులో పెద్ద నంబర్లను 190తో భాగించుకుంటూ పోవాలి, అది నిదానం. అంతకన్నా పెద్ద తంటా, పరాయి లిపి అక్షరం బైట్ల మధ్యలోకి ఫోల్డర్ల పేర్లను విడదీసే స్లాష్ గుర్తు కూడా దూరేది. యూనిక్స్‌కి అంతకు మించిన ఉపద్రవం లేదు. 1992 సెప్టెంబరులో యూనిక్స్ ప్రమాణాలు చూసే ఎక్స్/ఓపెన్ బృందం ఇంకో పద్ధతికి తాము రాసిన ముసాయిదా మీద అభిప్రాయం చెప్పమని బెల్ ల్యాబ్స్‌లోని కెన్ థాంప్సన్, రాబ్ పైక్‌లను అడిగింది. అభిప్రాయంతో ఊరుకునే మనుషులు కారు వాళ్లు. ఆ సాయంత్రం న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, పళ్లెం కింద పరిచే కాగితం మీద థాంప్సన్ వేరే అమరిక గీసేశాడు. కొద్ది రోజుల్లో వాళ్ల ప్లాన్ 9 ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం దాని మీద నడిచింది.

ఆ అమరికను ‘ల’తో చూద్దాం. దాని నంబరు 3122. బిట్లలో 0000 110000 110010. నాలుగు, ఆరు, ఆరుగా విడగొట్టాం కదా, ఇప్పుడు మొదటి ముక్క ముందు 1110, మిగతా రెంటి ముందు 10 తగిలిస్తే 224, 176, 178. అంతే, ‘ల’ తయారు. మొదటి బైటు రైలింజను లాంటిది: 1110లో మూడు ఒకట్లున్నాయంటే తనతో కలిపి మూడు బైట్లని అర్థం. 10తో మొదలయ్యేవన్నీ పెట్టెలు. వరస మధ్యలో ఎక్కడ దిగినా, చూస్తున్నది ఇంజనో పెట్టో ఆ బైటే చెబుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు ఎప్పటిలాగే 0తో మొదలై ఒకే బైటులో ఉంటాయి కాబట్టి పాత ఫైళ్లేవీ చెడలేదు, స్లాష్ బైటు స్లాష్‌కి తప్ప ఎక్కడా రాదు.

ఫారంలో తెలుగు పాడైనా, ఎలా పాడైందో చూసి జబ్బు చెప్పగలగడం ఈ అమరిక చలవే. పడమటి భాషల పట్టికలో 224 అంటే తలమీద వాలుగీత ఉన్న ఇంగ్లిష్ చిన్న ఎ, 176 డిగ్రీ గుర్తు, 178 పైకెక్కిన బుల్లి 2. తెలుగు అక్షరం ఏదైనా 224తో మొదలై, రెండో బైటు 176 గానీ 177 గానీ అవుతుంది. అందుకే తెర మీద ఆ వాలుగీత ఎ, పక్కనే డిగ్రీ లేదా ప్లస్-మైనస్ గుర్తు మళ్లీ మళ్లీ వస్తుంటే బెంగక్కర్లేదు. బైట్లు చాలావరకు క్షేమం, చదివే పట్టికే తప్పు. ‘చాలావరకు’ అనడానికి కారణముంది. పొల్లు చివరి బైటు 141, కొమ్ముది 129. ఆ పడమటి పట్టిక విండోస్ రూపంలో ఆ రెండు గదులూ ఖాళీ. ఆ బైట్లను ఏం చేయాలో తెలియని ప్రోగ్రాము చేతిలో పడితే పొల్లులూ కొమ్ములూ రాలిపోతాయి.

ఉత్త ప్రశ్నార్థకాలైతే ఆశ వదులుకోవాల్సిందే. సేవ్ చేసేటప్పుడే డేటాబేస్ తన పట్టికలో తెలుగు లేదని ఒక్కో గుర్తుకు బదులు 63, అంటే ప్రశ్నార్థకం, రాసేసింది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో కాలమ్‌ని ఎన్‌వార్‌చార్‌గా పెట్టి కూడా, కోట్స్ ముందు ఎన్ అనే ఒక్క అక్షరం మరిచిపోతే సాధారణంగా జరిగేది ఇదే. నల్ల డైమండ్‌లో ప్రశ్నార్థకం కనిపిస్తే అది ఇంకో కథ: తరచు ఎవరో బైట్లు లెక్కపెట్టి కోసి ఉంటారు, పెట్టె తెగిపోయి ఉంటుంది.

మైఎస్‌క్యూఎల్ చేసిన పనికి మాత్రం నాకు కోపం. ‘యూటీఎఫ్8’ అని పేరు పెట్టి మూడు బైట్ల దగ్గర ఆపేశారు. తెలుగు సరిగ్గా మూడింటిలో పడుతుంది కాబట్టి మనకు లోపం కనబడలేదు. పేరు పక్కన ఎవరైనా ఎమోజీ పెడితే, దానికి నాలుగు బైట్లు కావాలి గనక, వరస మొత్తం తిరస్కరించేది, లేదా అక్కణ్ణుంచి మిగతాది కోసేసేది. 2010లో యూటీఎఫ్8ఎంబీ4 తెచ్చారు, 8.0 నుంచి అదే డిఫాల్టు.

అన్నీ సరిచేశాక కూడా ‘సాఫ్ట్‌వేర్’ అని వెతికితే దొరకని రోజు వస్తుంది. ట కింద వ ఒత్తు పడకుండా మధ్యలో కొందరి కీబోర్డు కంటికి కనిపించని ఒక గుర్తు పెడుతుంది, కొందరిది పెట్టదు. రెండు వరసల బైట్లూ బయటికి తీసి పోల్చండి, ఒకదాంట్లో 226, 128, 140 అదనంగా ఉంటాయి. సేవ్‌కి ముందూ వెతికే ముందూ రెండు చోట్లా దాన్ని ఒకేలా తీసేస్తే వెతుకులాట కుదురుతుంది. చూపించడానికి మాత్రం అసలు పాఠాన్ని వేరే కాలమ్‌లో అలాగే ఉంచండి, లేకపోతే ‘వ’ వెళ్లి ట కింద చేరుతుంది.