రెండు పుట్టుకల పక్షి

ద్విజ శబ్దానికి గల అర్థాలలో పక్షి ఒకటి. తల్లి కడుపునుండి గుడ్డుగా ఒకసారి, గుడ్డునుండి పిల్లగా మరొకసారి, ఇలా రెండుమార్లు పుట్టేది గనుక ఆ పేరు వచ్చింది. పెరటి కోడిని గమనించినవారికి ఈ మాటలోని ఔచిత్యంతోపాటు ఒక చిక్కు కూడా కనిపిస్తుంది. పెట్ట రోజుకొక గుడ్డుకు మించి పెట్టదు. నడుమ నడుమ మానుతుంది కూడా. 10, 12 గుడ్లు సమకూడటానికి ఇంచుమించు పక్షం దినాలు పడుతుంది. మొదటి పుట్టుక ఇలా ఒక్కొక్క గుడ్డుకు ఒక్కొక్కనాడు. రెండవ పుట్టుక మాత్రం దాదాపు అన్నిటికీ ఒకేనాడు! ఇది ఎలా పొసగుతున్నది?

పెట్టకు ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. పక్వమైన పచ్చసొన దానినుండి అండవాహికలోకి జారుతుంది. పుంజుతో కలిసిన పెట్ట అయితే, తెల్లసొన చుట్టుకొనక మునుపే అక్కడ ఫలదీకరణం జరుగుతుంది. ఆపైన తెల్లసొన, పలుచని పొరలు, చివరకు పెంకు ఏర్పడతాయి. ఒక దినానికి పైబడిన ఈ ప్రయాణంలో సుమారు 20 గంటలు పెంకుకే సరిపోతాయి. పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడుతుంది గాని, ఆ గుడ్డు ఎన్నాళ్లు పొదిగినా పిల్ల కాదు.

తల్లి ఒంటి వేడిమికి పిండం లోపలనే పెరగ నారంభిస్తుంది. గుడ్డు బయటపడి చల్లబడగానే ఆ పెరుగుదల నిలిచిపోతుంది. పిండం చావదు, వేడికోసం వేచి ఉంటుంది. వారం పదిరోజులు దాటినకొద్దీ ఆ శక్తి సన్నగిల్లుతుంది. చిక్కుముడి ఇక్కడనే విడిపోతున్నది. గుడ్లన్నీ పెట్టి పెట్ట పొదుగుకు కూర్చున్న తరువాతనే అన్నిటికీ 21 దినాల లెక్క ఒకేసారి మొదలవుతుంది.

పెట్ట పొట్టకింద ఈకలు రాలి, చర్మం నేరుగా గుడ్లను తాకుతుంది. పిండానికి కావలసిన వేడిమి సుమారు 37.5 డిగ్రీల సెంటిగ్రేడు. పిండం పొరకు అంటుకొనకుండా పెట్ట ముక్కుతో గుడ్లను మాటిమాటికి దొర్లిస్తుంది. పెంకులోని వేలాది సూక్ష్మరంధ్రాలగుండా గాలి ప్రసరిస్తుంది. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దిలోనే గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, పొదిగిన గుడ్డులో గుండె నెత్తుటి చుక్కవలె ఎగిసిపడటాన్ని వర్ణించాడు.

గడువు సమీపించగానే పిల్ల పెంకులోనుండే కూస్తుంది. తల్లి బదులు పలుకుతుంది. ముక్కు కొనన ఉన్న చిన్న గట్టి మొనతో పిల్ల పెంకును ఛేదిస్తుంది. కొద్దిదినాలకు ఆ మొన రాలిపోతుంది.

అన్నీ ఒకేసారి పుట్టడం ప్రాణావసరం. పిల్లలను మేతకు నడిపించే తల్లి గూటిలో కూర్చొని ఉండలేదు. వెనుకబడిన గుడ్డు చల్లారి నశిస్తుంది. అయితే పుట్టకమునుపే పిల్ల మిగిలిన పచ్చసొనను పొట్టలోకి తీసుకుంటుంది. అందువలన రెండు దినాలు మేత లేకున్నా తాళగలదు. ఆలస్యంగా పుట్టే తోబుట్టువుకు దొరికే గడువు అంతే.

గుడ్లకై పెంచే తెల్ల లెగ్‌హార్న్ వంటి జాతులలో పొదిగే స్వభావం దాదాపు అంతరించింది. వాటి పిల్లలు యంత్రాలలో పుడుతున్నవి. ఆ యంత్రం కూడా పెట్టవలెనే వేడి నిలిపి గుడ్లను దొర్లించవలసిందే. 21 దినాలు ఆగవలసిందే. పెట్ట పొదుగుకు కూర్చున్ననాటినుండి దినానికొక గీత గీయమని ఉపాధ్యాయులు పిల్లలకు చెబితే, 21వ గీతనాటికి ద్విజ శబ్దానికి అర్థం నిఘంటువు అక్కరలేకుండానే బోధపడుతుంది.