చిట్టెలుక కడుపులో మత్తుమందు

శస్త్రచికిత్సకు లోనగు ప్రాణికి బాధ తెలియకుండ జేయుటకై యిచ్చిన మందే, ఆ ప్రాణి మేల్కొనిన పిమ్మట దాని యుదరమున దినముల తరబడి మంట రగిల్చుచుండిన, అట్టి మందు వలన కలిగిన మేలెంత యని యడుగక తప్పదు. ప్రయోగశాలలలోని చిట్టెలుకల విషయమున ఈ ప్రశ్న చిరకాలముగ నున్నది.

ఆ మందు ట్రైబ్రోమోఇథనాల్. అవెర్టిన్ అను పేర ప్రసిద్ధము. 1920ల చివర జర్మనీలో మనుష్యులకు గుదద్వారమున నెక్కించుటకై వెలువడి, మేలైన మందులు వచ్చిన పిదప వైద్యశాలలను వీడినను, జన్యుమార్పిడి యెలుకలను సృష్టించు శాస్త్రజ్ఞుల చెంత నిలిచిపోయినది. సూది వేసిన ఒకటి రెండు నిమిషములలో ఎలుక సోలిపోవును. పావుగంట సేపు కదలదు. పిండములను తల్లి యెలుక అండవాహికలోనికి చేర్చుటకు ఆ వ్యవధి చాలును. ఖర్చు స్వల్పము, తయారీ సులభము.

ఒక్క సూదిని దగ్గరగా పరికింతము. 25 గ్రాముల ఎలుకకు, కిలోగ్రాముకు 250 మిల్లీగ్రాముల చొప్పున, 6.25 మిల్లీగ్రాముల మందు కావలెను, అనగా 1.25 శాతపు ద్రావణము అర మిల్లీలీటరు. ఏబది కిలోల మనిషి కడుపులోనికి ఒక లీటరు ద్రవమును గ్రుమ్మరించినట్లు! అంత ద్రవమును, ప్రేగులను కప్పియుండు పెరిటోనియమను సుకుమారమైన పొర నేరుగా తాకుచున్నది.

ఈ మందును అమైల్ ఆల్కహాలులో కరగించి, నీటితో పలుచన జేసి, చీకటిలో, 4 డిగ్రీల చల్లదనమున దాచవలెను. వెలుతురుగాని వేడిమిగాని సోకినచో అది విచ్ఛిన్నమై డైబ్రోమోఅసిటాల్డిహైడుగను, హైడ్రోబ్రోమిక్ ఆమ్లముగను మారును. రెండును కణజాలమును దహించునవే. అప్పుడు పొరలోని రక్తనాళములు వ్యాకోచించి, తెల్లకణములు గుంపుగూడి, ఫైబ్రిన్ అను జిగట మాంసకృత్తు స్రవించి, ప్రేగుచుట్టలు ఒకదానితో నొకటి అతుకుకొనును. ఉదరకుడ్యపు కండరతంతువులు నశించును. ఒక్కొక్కప్పుడు ప్రేగుల చలనమే ఆగిపోయి, పొట్ట ఉబ్బి, శస్త్రచికిత్స ముగిసిన కొన్ని దినములకు ఎలుక మరణించును. ద్రావణమున కాంగో రెడ్ చుక్క వేసి, ఊదారంగు తిరిగినచో పారబోయుమని అనుభవజ్ఞులు చెప్పుదురు. మంచి పరీక్షయే, కాని చాలదు. అప్పటికప్పుడు సిద్ధము చేసిన ద్రావణము సైతము శోథను కలిగింపగలదని 1998లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. అదే యెలుకకు రెండవమారు ఇచ్చుట మరింత ప్రమాదకరము.

తక్కిన సూదిమందులును నిర్దోషములు కావు. గాఢమైన క్లోరల్ హైడ్రేట్ పెద్ద ఎలుకల ప్రేగులను స్తంభింపజేయును. పెంటోబార్బిటాల్ ద్రావణము తీవ్రక్షారము. కెటమిన్ ఆమ్లగుణము గలది. దానిని జైలజీన్‌తో కలిపి చిట్టెలుక తొడలో పొడిచినచో, ఆ పిడికెడైనను లేని కండలో కొంతభాగము చచ్చిపోవచ్చును.

జీవకారుణ్యమొక్కటే యిక్కడి విషయము కాదు. రోగనిరోధకశక్తిని పరిశోధించువాడు ఎలుక ఉదరమును కడిగి తెల్లకణములను లెక్కించునపుడు, అవి తాను ప్రవేశపెట్టిన సూక్ష్మజీవికై వచ్చినవో, మత్తుమందునకై వచ్చినవో ఎట్లు తెలిసికొనును? పోల్చిచూచు గుంపునకును అదే మందిచ్చితిమి గనుక దోషము సరిపోయినదని కొందరందురు. నాకది సమ్మతము గాదు. అప్పటికే రగులుచున్న కణజాలము క్రొత్త గాయమునకు ఆరోగ్యకణజాలము వలె స్పందింపదు. ఒక మోతాదు తయారీకిని మరియొక తయారీకిని తీవ్రత మారుచుండగా, ఆ దోషము రెండు గుంపులలో సమానముగ నుండునన్న హామీయు లేదు.

1959లో రస్సెల్, బర్చ్ అను నిరువురు ఆంగ్లశాస్త్రజ్ఞులు ప్రయోగజంతువుల బాధను తగ్గించునట్లు పద్ధతులను సంస్కరించుటను పరిశోధకుని విధిగా ప్రతిపాదించిరి. మేల్కొనవలసిన ఎలుకకు ఊపిరిద్వారా ఇచ్చు ఐసోఫ్లురేన్ నేడు అందుబాటున నున్నది. మత్తు లోతును క్షణక్షణము సవరింపవచ్చును, కడుపులో పొడువనక్కరలేదు. కావున మన విశ్వవిద్యాలయములలోని యువపరిశోధకులకు నా విన్నపము: దానినిచ్చు యంత్రమున్నచోట ఐసోఫ్లురేన్‌నే వాడుడు, ట్రైబ్రోమోఇథనాల్ తప్పనిసరియైనచో ప్రాణి మరల మేల్కొనని ప్రయోగములకే పరిమితము చేయుడు, మీరు ప్రకటించు వ్యాసములలో మందు పేరు, గాఢత, అది నిలువయున్న దినములు తప్పక వ్రాయుడు.