పాత విమానానికి దెబ్బ తగిలిందా? కనిపెట్టడమూ ఉద్యోగమే!

సెకండ్ హ్యాండ్ బైక్ కొంటే ఏం చూస్తారు? ఫోర్కు వంగిందా, రంగు మళ్లీ వేశారా అనే కదా! విమానానికైతే ముందు కాగితాలు చూడాలి.

దేశం మారితే రిజిస్ట్రేషన్ మారుతుంది. మన దగ్గర ‘వీటీ’, అమెరికాలో ‘ఎన్’. తయారీ సీరియల్ నంబర్ మాత్రం మారదు. దాంతోనే వెతకండి.

మన ఏఏఐబీ, అమెరికా ఎన్‌టీఎస్‌బీ దర్యాప్తు నివేదికలు చూడాలి. అక్కడ పేరు లేదంటే దెబ్బ తగల్లేదని కాదు. లాగ్‌బుక్‌లో కొన్ని నెలలు ఖాళీగా ఉంటే ఎందుకో అడగాలి.

మన విజయనగరం జిల్లా భోగాపురం ఎయిర్‌పోర్టు చూసి ఈ రంగంపై మనసు పడ్డారా? ఇంటర్ ఎంపీసీతో ఏఎంఈ కోర్సులో చేరొచ్చు. ఫీజు కట్టేముందు ఆ సంస్థకు డీజీసీఏ అనుమతి ఉందో లేదో చూసుకోండి. మీ మొదటి తనిఖీ అదే!