మీట నొక్కు వ్రేలు, మీట నొక్కు విద్యుత్తు

నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతములలో బోరుబావి గల ప్రతి రైతునకును స్టార్టరు డబ్బా పరిచితమే. దానికి రెండు మీటలు. పచ్చనిది నొక్కిన మోటారు తిరుగును. ఎఱ్ఱనిది నొక్కిన ఆగును. ఇంత సులభమైన పనికై ఎందరో రైతులు ఏండ్ల తరబడి నిద్ర మానుకొనవలసి వచ్చినది. 2018 వ సంవత్సరమునకు పూర్వము వ్యవసాయమునకు విద్యుత్తు రోజునకు కొన్ని గంటలు మాత్రమే ఇచ్చెడివారు. చాలకాలము అదియు వంతులవారీగా వచ్చెడిది. కొన్ని వంతులు నడిరేయి పడెడివి. అపుడు చీకటిలో గట్లవెంట నడచి, తడినేలపై నిలిచి మీట నొక్కవలెను. అట్లు పోయి పాముకాటునకును, విద్యుద్ఘాతమునకును గురియైనవారు కలరు.

ఈ బాధకు విరుగుడుగా పల్లెలలో వ్యాపించినదే ఆటో స్టార్టరు. విద్యుత్తు వచ్చినంతనే మోటారు తనంతట తానే తిరుగును. రైతు వ్రేలు చేయు పనిని విద్యుత్తే చేసికొనును. ఈ మార్పు ఎట్లు జరుగునో, వ్రేలితోపాటు మనము పోగొట్టుకొనునది ఏమియో విచారింతము.

స్టార్టరు లోపల

స్టార్టరునకు ప్రాణము ఒక తీగచుట్ట. పచ్చ మీట నొక్కగా ఆ చుట్టలో విద్యుత్తు ప్రవహించును, చుట్ట అయస్కాంతమగును, ఎదుటనున్న ఇనుపదిమ్మను లాగికొనును. దిమ్మతోపాటు మూడు ఫేజుల స్పర్శలును కలిసి మోటారు తిరుగసాగును. వ్రేలు తీసిన పిమ్మటను మోటారు ఆగదేల? దిమ్మ కదలినపుడు మరియొక చిన్న స్పర్శ కూడ కలియును. చుట్టకు విద్యుత్తు ఇకమీదట దానిగుండా అందుచుండును. తలుపు తెరచినవాడు వెడలిపోయినను, తలుపు మూసికొనకుండ కొక్కెము పట్టియుంచినట్లు ఇది పనిచేయును.

కరెంటు పోయినపుడు చుట్టకు బలము పోవును, స్ప్రింగు దిమ్మను వెనుకకు నెట్టును, స్పర్శలన్నియు విడిపోవును. మరల కరెంటు వచ్చినను మోటారు కదలదు. మనిషి వచ్చి పచ్చ మీట నొక్కవలసినదే. ఇది యంత్రములోని లోపము కాదు. బుద్ధిపూర్వకముగా ఉంచిన రక్షణ.

ఆటో స్టార్టరు చేయు పని ఇదియే: పచ్చ మీటకు సమాంతరముగా మరియొక స్పర్శను కలుపును. కరెంటు రాగానే ఒక చిన్న రిలే ఆ స్పర్శను క్షణకాలము మూసి విడుచును. స్టార్టరునకు రిలే యనియు, వ్రేలనియు భేదము తెలియదు.

ఆటవస్తువు చెప్పు పాఠము

ఇట్టి మార్పే వేరొక చోట, ఒక ఆటవస్తువులో జరిగినది. దానిని చూచిన మన విషయము తేటపడును. అమెరికాలో అడవిచెట్లకును, పశువులకును దూరమునుండి గుర్తు పెట్టుటకై రంగుగుండ్లు విసరు మార్కరు తుపాకి 1970 ప్రాంతములో వాడుకలోనికి వచ్చినది. 1981 లో కొందరు దానితో ఆట మొదలిడిరి. అదియే పెయింట్‌బాల్. గుండు సుమారు 17 మిల్లీమీటర్ల వ్యాసముగల జెలటిన్ తొడుగు. లోపల రంగు ఉండును.

సామాన్యమైన మార్కరులో స్ప్రింగుచే బిగింపబడిన సుత్తిని ఒక కొక్కెము పట్టియుండును. వ్రేలు మీటను లాగగా కొక్కెము తొలగును. సుత్తి ముందుకు దూకి కవాటమును కొట్టును. వెలువడిన వాయువు గుండును నెట్టును. దీనిని విద్యుత్ మీటకు మార్చునపుడు సుత్తియు, కవాటమును అట్లే యుండును. మీట క్రింద చిన్న స్విచ్చిని, పిడిలో బ్యాటరీని, సర్క్యూటు పలకను, కొక్కెమును తొలగించుటకు ఒక తీగచుట్టను చేర్చుదురు. స్టార్టరులోని తీగచుట్టయు ఇదియు ఒకే సూత్రముపై పనిచేయును.

ఇంతటితో పని ముగియదు. స్విచ్చిలోని లోహపు స్పర్శలు ఒక్కమారుగా అతుకుకొనవు. గచ్చుపై పడిన గోలీవలె కొన్ని మిల్లీసెకనులు ఎగిరెగిరి పడును. వ్రేలు ఒకమారే లాగినను, పలక దానిని పలుమారులుగా ఎంచి అదనపు గుండ్లు వదలవచ్చును. కావున మొదటి స్పర్శ తరువాత కొంతసేపు మరి యే సంకేతమును లెక్కింపరాదని పలకకు నేర్పుదురు. గుండు గదిలోనికి పూర్తిగా దిగకముందే యంత్రము కదలినచో అది నలిగిపోవును. అందుచే పెక్కు మార్కరులలో గదికి అడ్డముగా పరారుణ కిరణము నుంచి, గుండు వచ్చినదని తెలిసిన పిమ్మటనే వదలుదురు. మునుపు వ్రేలి నెమ్మదియే ఈ రక్షణలను చాలవరకు ఇచ్చెడిది. వ్రేలిని తొలగించినపుడు ఆ రక్షణలను యంత్రములో వేరుగా పెట్టవలసి వచ్చినది.

పొలములో పోయిన రక్షణలు

బోరు మోటారు విషయమును ఇట్లే పరిశీలింతము. 25 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు 433 వోల్టుల వద్ద ఈయగల ప్రవాహము సుమారు 33 ఆంపియర్లు. 5 అశ్వశక్తుల మోటారు పూర్తిభారముతో సుమారు 7.5 ఆంపియర్లు తీసికొనును. నాలుగు మోటార్లకు 30 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మరు భరించును. కాని మోటారు బయలుదేరునపుడు తీసికొను ప్రవాహము దానికి సుమారు ఆరింతలు. రైతులు ఒకరి తరువాత ఒకరు వచ్చి మీట నొక్కినపుడు చిక్కులేదు. ఆటో స్టార్టర్లు గల నాలుగు మోటార్లును ఒకే క్షణమున లేచినచో 180 ఆంపియర్లు కావలెను. వోల్టేజి పడిపోవును, మోటార్లు వేగమందుకొనలేక మూలుగును, ఫ్యూజులు పోవును. ఇట్లు పదే పదే జరిగినచో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవును.

రెండవది ప్రాణభయము. కరెంటు లేదని తలచి ఒకడు తీగను సరిచేయుచుండగా విద్యుత్తు వచ్చినచో, చెంత ఎవరును లేకయే మోటారు తీగలు సజీవమగును. ఆటో స్టార్టరు గల చోట మెయిన్ స్విచ్చి తీసి, ఫ్యూజులు ఊడదీయక యెన్నడును చేయిపెట్టరాదు.

మూడవది నీరు. ఈ జిల్లాలది గ్రానైటు నేల. వర్షపాతము సంవత్సరమునకు సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్లు. శిథిలమైన రాతిపొరలో నూరు ఘనమీటర్లకు ఒకటి మొదలు నాలుగు ఘనమీటర్ల నీరే మనకు దక్కును. 5 అశ్వశక్తుల మోటారు ఇచ్చు 3.7 కిలోవాట్లలో నూటికి 40 వంతులు నీటిని 60 మీటర్లు ఎత్తుటకు వినియోగపడిన దనుకొందము. గంటకు సుమారు 9,000 లీటర్లు, ఎనిమిది గంటల రాత్రికి 72 ఘనమీటర్ల నీరు వచ్చును. రాతిలో నూటికి రెండు వంతుల నీరున్నచో, ఇది 3,600 ఘనమీటర్ల రాతిలోని నీరు. అనగా ఒక ఎకరమున దాదాపు 90 సెంటీమీటర్ల మందముగల పొర ఒక్క రాత్రిలో ఎండినట్లు. మడి నిండినదని చూచి ఎఱ్ఱ మీట నొక్కు వ్రేలు లేనపుడు మడి పొర్లి నీరు కాలువ పట్టును. అందులో కొంత మరల భూమిలో ఇంకినను, అంత నీటిని ఎత్తిన శ్రమ, విద్యుత్తు వ్యర్థమే. నీరింకిన బోరులో ఒట్టిగా తిరిగిన మోటారు చల్లబడు మార్గములేక చుట్టలు కాలిపోవును.

తెలంగాణలో 2018 జనవరి 1 నుండి సుమారు 23 లక్షల వ్యవసాయ పంపుసెట్లకు 24 గంటల విద్యుత్సరఫరా ప్రారంభమైనపుడు, ఆటో స్టార్టర్లను తొలగింపుడని ప్రభుత్వము రైతులను కోరినది. కారణము స్పష్టము. ఏడు గంటల కరెంటు ఉన్నపుడు కరెంటు పోవుటయే ఎఱ్ఱ మీటగా నుండెడిది. కరెంటు ఆగనిచోట ఆ మీటయు లేదు.

యంత్రమునకు నేర్పవలసినవి

అందుచేత స్వయంచాలనమే చెడ్డదని తలపరాదు. మంచి పరికరము మొదట మూడు ఫేజులును సరిగా ఉన్నవో లేవో పరీక్షించును. ఒకటి లోపించినను మోటారును లేపదు. పిదప కొంతసేపు ఆగును. ఆ వ్యవధిని ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది రైతులందరు తలకొక రీతిగా అమర్చుకొన్నచో మోటార్లు వరుసగా లేచును. నీరు లేనపుడు మోటారు తీసికొను ప్రవాహము తగ్గును గనుక, ఆ తగ్గుదలను గుర్తించి ఆపు అమరికయు ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యము, నిర్ణీతకాలము కాగానే ఆపు గడియారము. సెల్‌ఫోను ద్వారా నడపు పరికరములును నేడు దొరకుచున్నవి. వానితో ఇంటినుండియే ఎఱ్ఱ మీట నొక్కవచ్చును.

పచ్చ మీట నొక్కు పనిని విద్యుత్తునకు అప్పగించుట తేలిక. ఒక రిలే చాలును. ఎఱ్ఱ మీట ఎపుడు నొక్కవలెనో తెలిసిన వ్రేలు రైతుది. ఆ తెలివిని కూడ డబ్బాలో పెట్టిన తరువాతనే రైతు రాత్రి నిశ్చింతగా నిద్రింపవచ్చును.